ఆంతర్యమూ, ఆత్మీయతా: నోనో వాద్య చతుష్టయం

సంగీతంలో సాహిత్యానికి స్థానమెంత అన్న వివాదం ఆంధ్ర పాఠకులకు కొత్తది కాదు. రాగభావం ముందా, పదభావం ముందా అని వాగ్గేయకారుల కృతులను ఎదుట పెట్టుకొని తరాల తరబడి వాదించుకున్న రసికులున్నారు. ఆ వాదాలలో ఒక్క విషయం మాత్రం ఉభయ పక్షాలకూ అంగీకృతమే. మాట అంటూ ఉన్న తరువాత అది వినిపించవలసినదే. వినిపించని మాటను సంగీతంలో పెట్టవచ్చునా, పెడితే అది సంగీతమనిపించుకుంటుందా, కేవలం చాదస్తమనిపించుకుంటుందా అన్న ప్రశ్నకు ఆ వాదాలలో తావు రాలేదు. ఇటలీ దేశపు సంగీతకర్త లుయీజీ నోనో ఆ ప్రశ్నను 1980లో లేవదీశాడు. అదీ తత్త్వశాస్త్ర గ్రంథంలో కాదు, నాలుగు తంత్రీవాద్యాలకు రాసిన ఒక రచనలో.

బాన్ నగరంలో జరిగే బీథోవెన్ ఉత్సవం కోసం ఆ నగరం కోరగా నోనో దానిని రచించాడు. 1980 జూన్ 2న బాన్ శివారులోని బాడ్ గోడెస్‌బెర్గ్‌లో, ఆ రచన అంకితం పొందిన లాసాల్ చతుష్టయంవారే దానిని తొలిసారి వాయించారు. వయొలిన్లు రెండు, వియోలా ఒకటి, చెలో ఒకటి; కాలపరిమాణం నలభై నిమిషాలకు అటూ ఇటూ. ‘ఫ్రాగ్మెంటె—స్టిల్లె, ఆన్ డియోటిమా’ అని దాని పేరు. శకలాలు, నిశ్శబ్దం, డియోటిమాకు అని ఆ మాటల అర్థం. స్వరపత్రం తెరిచిన వారికి స్వరాల నడుమ అక్కడక్కడ జర్మన్ కవి హోల్డెర్లిన్ పద్యాలనుండి, ఆయన నవల ‘హైపీరియన్’ నుండి తెంపి తెచ్చిన పలుకులు కనబడతాయి. ఒకచోట రెండు మాటలు, ఒకచోట అరపాదం. మొత్తం నలభైకి పైగా ఉన్నవి. ఈ పలుకులను కచేరీలో ఎవరూ ఎట్టి పరిస్థితిలోను ఉచ్చరించరాదనీ, వీటిని సంగీతం వర్ణించే కథావస్తువుగా భావించరాదనీ నోనో పీఠికలో కట్టడి చేశాడు. వాయించేవారు మాత్రం వాటిని లోలోపల, తమతమ స్వేచ్ఛ కొద్దీ, పాడుకోవాలట.

‘మాకు మానసిక జపం తెలియదా?’ అని ఇక్కడ ఎవరైనా అనవచ్చును. బయటికి వినిపించే జపం కంటె పెదవి కదిలీ కదలని ఉపాంశు జపమూ, దానికంటె మానసిక జపమూ అధికమని మనుస్మృతి ఎంచి చెప్పింది. పోలిక ఉన్న మాట నిజమే. కాని జపం చేసేవాడు ఒంటరివాడు. అతని ఎదుట టిక్కెట్టు కొనుక్కొని వచ్చిన శ్రోతలు లేరు. వినేవారు ఎదుట కూర్చుండగా, వారికోసమే వాయిస్తూ, వారికి అందని మాటను మనసులో నడపడం వేరు విషయం. దానికి దగ్గరి చుట్టరికం ఐరోపా సంగీతంలోనే ఉన్నది. 1839లో షూమన్ తన ‘హ్యూమొరెస్కె’ అనే పియానో రచనలో కుడిచేతి వరుసకూ ఎడమచేతి వరుసకూ నడుమ మూడవ వరుస ఒకటి గీసి, అందులో ఒక స్వరపంక్తి రాసి, దానికి ‘లోపలి గొంతు’ అని పేరు పెట్టాడు. ఆ వరుసను వాయించడానికి వీలులేదు. చూచి మనసున ఉంచుకొని తక్కిన రెండు వరుసలూ వాయించాలి. షూమన్ దాచినది స్వరాన్ని. నోనో దాచినది మాటను. నూటనలభై సంవత్సరాల ఎడమున్నా ఈ ఇద్దరి నమ్మకమూ ఒక్కటే: లోపల నడిచేది బయటి నాదాన్ని మార్చకుండా ఉండదు.

ఇంతకూ డియోటిమా ఎవరు? ప్లేటో ‘విందు’ సంవాదంలో సోక్రటీసుకు ప్రేమతత్త్వం ఉపదేశించిన స్త్రీ పేరది. హోల్డెర్లిన్ ఆ పేరును తన నవలలోని నాయికకు పెట్టాడు. తన బ్రతుకులో సుజెట్ గోంటార్డ్ అనే ఆమెకు పెట్టుకున్నాడు. ఆమె ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక బ్యాంకరు భార్య. 1796లో పిల్లలకు చదువు చెప్పడానికి ఆ ఇంట చేరిన కవి 1798లో ఆ ఇల్లు విడిచి వెళ్లవలసి వచ్చింది. 1802లో ఆమె మరణించింది. ఆ తరువాత కొద్ది సంవత్సరాలకే కవికి మతి చెదిరింది. 1807 నుండి 1843లో కన్నుమూసేవరకు ట్యూబింగెన్ పట్టణంలో నెక్కార్ నది ఒడ్డున ఒక వడ్రంగి ఇంట, గుండ్రని గదిలో ముప్పైఆరేళ్లు గడిపాడు. ఈ కథలోని కరుణ సులభంగా కన్నీరు తెప్పించేది; అందుకే ప్రమాదకరమైనది. నోనో రచనను ఈ ప్రేమకథకు నేపథ్య సంగీతంగా వినడం ఆయన కట్టడిని మొదటి నిమిషంలోనే ఉల్లంఘించడమవుతుంది.

ఆయనకు కావలసినది హోల్డెర్లిన్ దుఃఖం కాదు, హోల్డెర్లిన్ ఆలోచన. ట్యూబింగెన్ మత విద్యాలయంలో హోల్డెర్లిన్‌కు సహాధ్యాయులు హెగెల్, షెల్లింగ్. ఆ తరువాత 1794–95లో యేనాలో ఆయన ఫిఖ్టే ఉపన్యాసాలు విన్నాడు. ‘నేను’ అనే ఎరుకనుండే సర్వమూ పుడుతుందన్న ఫిఖ్టే సిద్ధాంతం ఆయనకు రుచించలేదు. 1795 ప్రాంతంలో ఆయన ఒక చిన్న కాగితం మీద రాసుకున్న ఆలోచన 1961 వరకు అచ్చు కాలేదు గాని, దాని బరువు గ్రంథమంత. ‘నేను నేనే’ అని అనగానే అనే నేనూ, అనబడే నేనూ రెండవుతున్నారు. ఎరుక అనేదే ఒక చీలిక. చీలికకు పూర్వమున్న అఖండస్థితి ఎరుకకు చిక్కేది కాదు. కనుక లోపలికి ఎంత తొంగి చూచినా మనిషికి అక్కడ తానొక్కడే దొరకడు; తనకు ముందున్నదేదో, తనది కానిదేదో తగులుతుంది.

దీని తరువాతి మెట్టు 1799లో ‘ఎంపెడోక్లీస్’ నాటకం రాస్తున్నప్పటి వ్యాసంలో ఉన్నది. అక్కడ హోల్డెర్లిన్ ‘ఇన్నిగ్‌కైట్’ అనే మాటను పట్టుకొని మథించాడు. గాఢమైన లోనితనం అని దానికి స్థూలార్థం. కవి అనుభూతి ఎంత లోతైనదైతే, దాని కోసం అతడు ఎన్నుకునే వస్తువు అతనికి అంత పరాయిదై ఉండాలని ఆయన వాదం. లోపలిది సొంత పేరుతో, సొంత ముఖంతో బయటికి వస్తే చెడుతుంది. పరదేశపు కథలో, పరకాలపు మనిషిలో తలదాచుకొని వస్తేనే నిలుస్తుంది. మన ఆలంకారికులు రసం స్వశబ్దవాచ్యం కారాదని అన్నది వ్యక్తీకరణను గురించి. హోల్డెర్లిన్ అన్నది ఇంకా లోతున, అనుభవాన్ని గురించే: పరాయితనం గుండా ప్రయాణించనిది ఆంతర్యమే కాదని.

ఈ మాటను తెలుగులో పెట్టబోతే ‘అంతర్ముఖత’ అనే పదం ముందుగా నాలుక మీదికి వస్తుంది. అది ఇక్కడ సరిపోదు. ఇంద్రియాలు బయటికి తెరచుకొని ఉన్నవనీ, ఏ ధీరుడో ఒకడు చూపును వెనుకకు మరల్చి లోపలివాణ్ణి చూచెననీ కఠోపనిషత్తు చెప్పిన దాని నీడ ఈ పదం మీద ఉన్నది. అంతర్ముఖుడు లోకానికి వీపు చూపినవాడు. జర్మన్ మాటలో ఆ వీపు లేదు. ఇద్దరి మధ్య ఉండే గాఢమైన దగ్గరితనానికి కూడ ఆ భాషలో ఇదే మాట వాడతారు. తెలుగులో దీనికి నిజమైన సాటి ‘ఆత్మీయత’. ఆత్మనుండి పుట్టిన ఈ మాటను ఏ తెలుగువాడూ తన ఆత్మను గురించి వాడుకోడు. ఆత్మీయుడంటే ఎదుటివాడు. ఆత్మ అని మొదలై మరొకరి ముంగిట ముగిసే ఈ పదంలో హోల్డెర్లిన్ వ్యాసంలోని సారం సగం అణగి ఉన్నది. దానిని రోజూ వాడుతూ కూడ మనం గమనించలేదు.

హెగెల్ సైతం సంగీతాన్ని ఆంతర్యానికి సంబంధించిన కళగానే నిర్వచించాడు. శిల్పం చోటును ఆక్రమించి నిలుస్తుంది; నాదం పుడుతూనే నశిస్తుంది. నిలవనిది కనుకనే నిలకడలేని మనసుకు అది తగిన వాహనమని ఆయన తర్కం. ఆ తర్కం బాగున్నదే. దాని నీడన పంతొమ్మిదవ శతాబ్ది ఐరోపా సంగీతం మధ్యతరగతి గృహస్థుకు వీధి తలుపు మూసి లోపల కూర్చుండే సౌకర్యంగా మారిందనడం కూడ అసత్యం కాదు. ఈ సౌకర్యాన్ని అడోర్నో 1933లో కీర్కెగోర్ మీద వెలువరించిన గ్రంథంలో నిర్దయగా పరిశీలించాడు. ఆడుకోవడానికి బయటికి పోతానన్న బాలుణ్ణి తండ్రి వారించి, చేయి పట్టుకొని గదిలోనే అటూ ఇటూ నడిపిస్తూ, వీధులనూ, బండ్లనూ, ఎదురుపడే మనుషులనూ మాటలతోనే కళ్లకు కట్టించిన ఘట్టం ఒకటి కీర్కెగోర్ రచనలలో ఉన్నది. అడోర్నోకు అది ఆంతర్యవాదానికంతటికీ చిత్రపటంగా కనబడింది. ప్రపంచం గదిలోకి వస్తుంది, కాని ప్రతిబింబంగా మాత్రమే.

నోనో మీద 1980లో వచ్చిన నింద సరిగ్గా ఇదే: గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడని. నింద వేసినవారిని తప్పు పట్టడం కష్టం. ఆయన 1952లో ఇటలీ కమ్యూనిస్టు పార్టీలో చేరినవాడు. 1964లో ఉక్కు కర్మాగారపు మోతను టేపు మీద ఎక్కించి ‘లా ఫాబ్రికా ఇల్లూమినాతా’ రచించినవాడు. 1975లో పారిస్ కమ్యూన్ మొదలు విప్లవాల స్త్రీలను రంగస్థలం మీదికి తెచ్చిన ‘అల్ గ్రాన్ సోలె కారికో దామోరె’ను మిలాన్‌లో ప్రదర్శింపజేసినవాడు. అటువంటివాడు అయిదేళ్లు తిరగకుండానే చెవికి ఆనీ ఆనని సవ్వడులతో, ఒక పిచ్చి కవి ప్రేయసి పేర చతుష్టయం రాస్తే, ఇది విరమణ కాక మరేమని అడిగారు. కొందరు సంతోషించారు కూడ. ఆ సంతోషం నింద కంటె ఆయనను ఎక్కువ బాధించి ఉండాలి. తాను మారలేదనీ, మృదువైనదానికి, ఏకాంతమైనదానికి కూడ సామూహికమైన, రాజకీయమైన పార్శ్వముంటుందనీ, తిరుగుబాటు మాటను అత్యల్ప సాధనాలతో పలికించడమే ఇప్పటి తన ప్రయోగమనీ ఆయన సమాధానం చెప్పాడు.

ఆ సమాధానం నిజమా, ఆత్మసమర్థనమా? తేల్చుకోవడానికి వెనుకకు పోవాలి. 1956లో కొలోన్‌లో తొలిసారి వినిపించిన ‘ఇల్ కాంతో సొస్పేసో’కు ఆధారం ఫాసిజాన్ని ఎదిరించి మరణశిక్ష పొందినవారు ఇంటికి రాసుకున్న చివరి ఉత్తరాలు. నోనో ఆ ఉత్తరాలలోని మాటలను అక్షరాలుగా విరిచి, ఒక అక్షరం ఒక గొంతుకు, మరొక అక్షరం మరొక గొంతుకు పంచాడు. కొన్ని ఘట్టాలలో మాట పోల్చుకోవడానికి వీలే లేదు. తోటి సంగీతకర్త స్టాక్‌హౌజెన్ అప్పుడే ప్రశ్నించాడు: ఇంత పవిత్రమైన మాటలను అర్థం కాకుండా చేయడమెందుకు, అర్థం కానివ్వనప్పుడు ఆ మాటలే ఎందుకు అని. మాటను అర్థంనుండి విడదీయలేదనీ, అర్థాన్ని నాదంలోకి ఇంకించాననీ నోనో 1960లో జవాబిచ్చాడు. అంటే ఆయన రాజకీయ రచనలలో అత్యుత్తమమైన దానిలోనే మాట సగం లోపలికి పోయింది. చతుష్టయంలో పూర్తిగా పోయింది. 1956 నుండి 1980 వరకు దారి ఒకటే. కొండవీడు చేంతాడు వలె పొడుగైనదే గాని మలుపు తిరిగింది కాదు. హోల్డెర్లిన్‌ను ఎన్నుకోవడంలోనూ ఇదే కనబడుతుంది. ఫ్రెంచి విప్లవాన్ని ప్రేమించిన కవి ఆయన. ఆయన ప్రాణమిత్రుడు సింక్లేర్ 1805లో వుర్టెంబెర్గ్ ప్రభువు మీద కుట్ర చేసెనన్న రాజద్రోహాభియోగంతో పట్టుబడ్డాడు. మతిస్థిమితం లేదన్న కారణాన కవి ఆ విచారణనుండి తప్పించుకున్నాడు. గుండ్రని గదిలోని నిశ్శబ్దం లోకం తెలియనివాడి నిశ్శబ్దం కాదు.

ఇక సంగీతం. సిద్ధాంతమెంత గంభీరమైనా చెవికి ఒప్పకపోతే వ్యర్థమే. ఈ రచనలో రాగవిస్తారం వంటిది వెదకినవారికి ఏమీ దొరకదు. ఒక నాదం లేస్తుంది, కమాను కొనతోనో, కర్రవైపునుండో, వంతెనకు ఆనుకొనో తీగను తాకుతుంది, ఆగుతుంది. ఆగిన చోట స్వరపత్రం మీద విరామచిహ్నం, దానిపైన సెకన్ల లెక్క. ఆ లెక్క కూడ ఖండితం కాదు, ఇంతనుండి ఇంతవరకు అని. ఎంత ఆగాలో వాయించేవాడి లోపలి పాట నిర్ణయిస్తుంది. ఇక్కడనే దాచిన మాట పనిచేస్తున్నది. ఉత్త మౌనానికి గడియారం చాలు. పాట నడుస్తున్న మౌనానికి ఊపిరి కావాలి. మంచి వాద్యకులు వాయించినప్పుడు రెండు నిశ్శబ్దాలు ఒకే పొడవున్నా ఒకే బరువు ఉండవు. శ్రోతకు మాట తెలియదు. మాట ఉన్నదని తెలుస్తుంది. చీకటి గదిలో మనిషి ఉన్నాడని తెలిసినట్లే ఇదీ తెలుస్తుంది.

స్వరాలకు మూలం కూడ పరాయిదే. వెర్డీ వృద్ధాప్యంలో తన ‘ఆవే మరియా’కు ఆధారంగా తీసుకున్న ‘ప్రహేళికా స్వరశ్రేణి’ని నోనో స్వీకరించాడు. ఒకచోట బీథోవెన్ 132వ రచనలోని, జబ్బునుండి కోలుకొని 1825లో రాసిన కృతజ్ఞతా గీతంలోని సూచన, ‘అత్యంత గాఢమైన లోపలి అనుభూతితో’ అన్నది, యథాతథంగా దిగుతుంది. హోల్డెర్లిన్ మథించిన ఆ మాటే ఇక్కడ వాద్యకుడికి ఆజ్ఞగా మారిందన్నమాట. చివరికి వచ్చేసరికి వియోలా ఒక పాత పాటను పలుకుతుంది. ఓకెగెం పేరుతో చలామణి అయిన ‘మాలర్ మె బా’ అది. 1501లో వెనిస్‌లో పెత్రూచ్చి అచ్చువేసిన సంకలనంలోది. 1973లో మరణించిన మిత్రుడూ గురువూ అయిన బ్రూనో మదేర్నా వద్ద నోనో యువకుడుగా చదువుకున్న పాఠాలలో ఆ సంకలనం ఒకటి. పేరులోనే దుఃఖం మోసే ఆ పాటను, దుఃఖాన్ని గురించి ఒక్క మాట చెప్పకుండా, ఐదువందల యేళ్ల నాటి పరాయి గొంతుతో పలికించాడు. ‘ఎంపెడోక్లీస్’ వ్యాసానికి ఇంతకంటె వ్యాఖ్యానం అక్కర లేదు.

ఇదంతా చూచి, ‘పరా, పశ్యంతీ, మధ్యమా, వైఖరీ అని మనవారు ఏనాడో చెప్పారు, నోనో మధ్యమా వాక్కును వాయించాడు, అంతే’ అని సంతృప్తి పడేవారుంటారు. భర్తృహరిని ఇంత చౌకగా ఖర్చు చేయరాదు. ఆ క్రమంలో లోపలికి పోయినకొద్దీ భేదాలు కరగి వాక్కు ఒక్కటవుతుంది. నోనో చతుష్టయంలో లోపలికి పోయినకొద్దీ భేదాలు పెరుగుతాయి. నలుగురు వాద్యకులు, నలుగురి లోపలి పాటలు, కలియనివి, కలియనక్కరలేనివి. ఏకత్వం ఆయనకు గమ్యం కాదు. ఒకరి నిశ్శబ్దాన్ని ఒకరు విని వేచి ఉండడం గమ్యం. పోలిక వలన లాభమున్నది, తేడా కనబడినప్పుడే.

తెలుగు రచయితలకు ఈ తగవు పరిచితమైనదే. భావకవి తన లోపలి గదిలో ఏడ్చుకున్నాడనీ, 1950లో గ్రంథరూపాన వచ్చిన ‘మహాప్రస్థానం’ ఆ గది గోడలు పగులగొట్టిందనీ మన విమర్శలో స్థిరపడ్డ కథ ఒకటి ఉన్నది. కథ పూర్తిగా అబద్ధం కాదు. కాని ఆ కథ మూలాన బుచ్చిబాబు వంటి రచయితను లోకం పట్టనివాడుగాను, గొంతెత్తిన ప్రతి పద్యకర్తనూ లోకహితుడుగాను లెక్కవేసే అలవాటు పడింది. కవిత లోపలినుండి వచ్చిందా, బయటినుండి వచ్చిందా అన్నది తప్పు ప్రశ్న. ఆ లోపలికి ఎదుటివాడెవడైనా ప్రవేశించాడా అన్నది అడగవలసిన ప్రశ్న. తన కన్నీటిని తానే చూచుకొని మురిసే పద్యమూ, జనం పేరు చెప్పి తన గొంతునే తాను విని మురిసే పద్యమూ ఒకే గదిలో ఉన్నవి. రెండింటికీ కిటికీ లేదు. తిలక్ మంచి పద్యాలలో ఆ కిటికీ ఉన్నది. అందుకే ఏ శిబిరంవారూ ఆయనను పూర్తిగా తమవాడనుకోలేకపోయారు.

నోనో రచనలో లోపం లేదని కాదు. దాచిన పలుకులు స్వరపత్రంలో అచ్చై ఉన్నవి. కనుక కొని చదవగలవాడు ఒక తరగతి శ్రోత, చదవలేనివాడు మరొక తరగతి శ్రోత అయ్యే ప్రమాదమున్నది. సమానత్వం కోరిన సంగీతకర్త ఈ చిక్కును విప్పలేదు. నిర్వాహకులు దీనిని ఇంకా ముదరబెట్టవచ్చును. ఆ పలుకులను అనువాదంతో సహా కచేరీ కరపత్రంలో అచ్చువేసి పంచితే, సభ్యులు నలభై నిమిషాలూ తల వంచుకొని, ఏ నాదానికి ఏ పలుకో వేలితో పోల్చుకుంటూ కూర్చుంటారు. వియోలా పాత పాట ఎత్తుకునేసరికి కాగితాలు తిప్పుతున్న చప్పుడు దానికంటె బిగ్గరగా ఉంటుంది. కరపత్రాన్ని ఇంటికి పోయేటప్పుడు గుమ్మం దగ్గర ఇస్తే సరిపోతుంది.